గోడ కడుతుండగా వినబడిన కేక

(రేడియో ప్రసంగ పాఠము)
వాక్యభాగము: నెహెమ్యా 5:1–16

 

ఈ వారం మన ధ్యానానికి నెహెమ్యా గ్రంథము ఐదవ అధ్యాయము తీసుకుందాం. బైబిలు అందుబాటులో ఉన్నవారు తెరచి దగ్గర పెట్టుకోండి. నేను వచనాలు చదవను, జరిగిన సంగతిని నా మాటల్లో చెబుతాను. ప్రసంగం అయ్యాక ఇంటిల్లిపాదీ కూర్చుని ఆ అధ్యాయం చదువుకోండి.

యెరూషలేము ప్రాకారము పడిపోయి ఉంది. నెహెమ్యా షూషను కోట నుండి వచ్చి దాన్ని తిరిగి కట్టించడానికి పూనుకున్నాడు. మూడవ అధ్యాయంలో ఎవరు ఏ గుమ్మం దగ్గర కట్టారో పేర్లతో సహా ఉంది. నాలుగవ అధ్యాయంలో శత్రువులు బెదిరిస్తుంటే ఒక చేత పని, ఒక చేత ఆయుధం పట్టుకుని కట్టారు. ఆరవ అధ్యాయంలో 52 దినాలకు గోడ పూర్తయింది. ఈ రెంటి నడుమ ఐదవ అధ్యాయం ఉంది. అది తెరిచేసరికి రాళ్ళ మాట ఆగిపోతుంది. ఒక కేక వినబడుతుంది.

ఆ కేక ఎవరి మీద? సన్బల్లటు మీద కాదు. టోబీయా మీద కాదు. తమ సొంత సహోదరుల మీద! పిల్లలు ఎక్కువమంది, తిండిగింజలు లేవని కొందరు మొరపెట్టారు. కరవులో పొలము, తోట, ఇల్లు తాకట్టు పెట్టామని మరికొందరు అన్నారు. రాజుకు పన్ను కట్టడానికి అప్పు చేశామని ఇంకొందరు. చివరికి కన్నబిడ్డలను దాసులుగా అప్పగించవలసి వచ్చిందని తల్లులు ఏడ్చారు. మా ఒంట్లో ఉన్నదీ మీ ఒంట్లో ఉన్న రక్తమే కదా, మా పిల్లలూ మీ పిల్లల వంటివారే కదా అని వాళ్ళు అడిగారు. పగలు అందరూ కలిసి ఒకే గోడ కడుతున్నారు. సాయంత్రానికి ఒకరు అప్పు ఇచ్చినవారు, ఒకరు అప్పులో మునిగినవారు.

ప్రియులారా, ఈ అధ్యాయము నేను సెమినరీలో చదివాను, పరీక్ష రాశాను, దాని మీద ప్రసంగాలు కూడా చేశాను. కాని అది నాకు అర్థం కాలేదని ఒక సహోదరి నాకు తెలియజేసింది. ఆ సంగతి చెప్పాలంటే నా సొంత తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవాలి.

2015వ సంవత్సరం వేసవిలో మా సంఘం ప్రహరీగోడ కట్టుకుంటోంది. కంకిపాడులో స్థలాల ధరలు పెరిగిన రోజులవి. అంతకుముందు సంవత్సరం కొత్త రాజధాని విజయవాడ పరిసరాల్లో వస్తుందని ప్రకటించారు. మన మండలం కూడా రాజధాని ప్రాంతంలో చేరింది. గుడి స్థలానికి గోడ లేకపోతే రేపు ఎవరైనా ఆక్రమిస్తారని పెద్దలు అన్నారు. నేనూ ఔనన్నాను. ప్రతి ఆదివారం గోడ కానుకలు ప్రత్యేకంగా పట్టాం.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, బండి మీద పండ్లు అమ్ముకునే ఒక సహోదరి నా దగ్గరకు వచ్చింది. "అయ్యగారూ, అప్పుల బాధ ఎక్కువైంది, ప్రార్థన చెయ్యండి" అంది. నేను తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాను. దేవుడు ఏదో ఒక దారి చూపిస్తాడమ్మా అని పంపించాను. ఆమె వెళుతూ వెళుతూ గోడ కానుక కవరు బల్ల మీద పెట్టి వెళ్ళింది. అందులో 50 రూపాయలు ఉన్నాయి. ఆ 50 రూపాయలు నేను తీసుకున్నాను. లెక్కలో రాశాను.

రెండు నెలల తరవాత ఆమె గుడికి రావడం మానేసింది. విచారిస్తే, అప్పు ఇచ్చినవాళ్ళు బండి పట్టుకుపోయారని, రాత్రికి రాత్రి ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయిందని తెలిసింది. మా గోడ మాత్రం క్రిస్మసుకు పూర్తయింది. సున్నం కూడా వేశాం.

ఆ అప్పు ఎటువంటిదో కొంచెం లెక్క చెబుతాను, వినండి. ఇది మీలో చాలామందికి తెలిసినదే. పది వేలు అప్పు అంటారు, చేతికి 8,500 ఇస్తారు. రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టాలి. ఒక ఖాళీ చెక్కు, ఒక ప్రాంసరీ నోటు ముందే తీసుకుంటారు. పైకి చూస్తే వడ్డీ 1,500 రూపాయలే కదా అనిపిస్తుంది. కాని ఆ 8,500 వంద రోజులూ ఆమె దగ్గర ఉండదు. రోజూ కడుతూ పోతుంటే అప్పు తరుగుతూ ఉంటుంది. సగటున ఆమె చేతిలో ఉన్నది 4,250 రూపాయలు. దాని మీద వంద రోజులకు 1,500 రూపాయలు! అంటే నెలకు నూటికి పది రూపాయలు దాటిన వడ్డీ. కూరగాయల మార్కెట్టు దగ్గర పొద్దున 900 తీసుకుని సాయంత్రం 1,000 కట్టేవాళ్ళ సంగతి అయితే ఇక చెప్పనక్కరలేదు. రోజంతా ఎండలో నిలబడి తాను సంపాదించిన దానిలో పెద్ద భాగం ఆ వంద రూపాయలకే పోతుంది.

మన రాష్ట్రంలోనే, 2004లో, మహిళా సంఘాలకు పావలా వడ్డీ పథకం వచ్చింది. నూటికి నెలకు పావలా ఎక్కడ, పది రూపాయలు ఎక్కడ? నలభై రెట్లు. మరి ఆమె పావలా వడ్డీ అప్పు ఎందుకు తీసుకోలేదు అని అడుగుతారేమో. కూతురి కాన్పు ఆపరేషనుకు ఖర్చయిన నెలల్లో కిస్తీలు తప్పింది. గ్రూపులో మిగతావాళ్ళు ఆమె పేరు తీసేశారు. వాళ్ళను తప్పు పట్టలేం, వాళ్ళ అప్పు కూడా ఆగిపోతుంది గనుక. అందరికంటె అడుగున ఉన్నవారికి ఆ తలుపు కూడా మూసుకుపోయింది.

ఇది ఒక మనిషి దురదృష్టమా? కాదు ప్రియులారా. కొంచెం వెనక్కి వెళ్ళి చూద్దాం.

మన కృష్ణా డెల్టాకు మొదటి పెద్ద పెట్టుబడి ఏది? బెజవాడ ఆనకట్ట. 1852లో మొదలుపెట్టి 1855లో పూర్తి చేశారు. అంతకుముందు 1833లో గుంటూరు కరవు ఈ ప్రాంతాన్ని శవాల దిబ్బ చేసింది. ఆనకట్ట వచ్చాక కాలువలు పారాయి, మెట్ట భూములు మాగాణి అయ్యాయి. దేవుని భయము గల కాటన్ దొరను మన తాతలు దేవుడిలా తలచుకున్నారు, అందులో తప్పు లేదు. కాని నీళ్ళు ఎవరి పొలంలోకి పారాయి? పొలం ఉన్నవారి పొలంలోకి. పొలం లేనివారికి ఆ పొలంలో కూలి దొరికింది. వరి డబ్బు మిల్లయింది, మిల్లు డబ్బు సినిమా హాలయింది, కాలేజీ అయింది, విజయవాడలో మేడలు అయింది. ఊరికి కడగా, పల్లంలో ఉన్న పేటకు మాత్రం వానాకాలంలో వరద నీళ్ళే వచ్చాయి.

ఒకే ఆనకట్ట, ఒకే కాలువ. అయినా ఎవరు ఏ కులంలో పుట్టారో దాన్ని బట్టి ఒకరికి ఆస్తి, ఒకరికి కూలి. రాజధాని ప్రకటించినప్పుడు కూడా అంతే జరిగింది. ఎకరం ఉన్నవాడు కోటీశ్వరుడు అయ్యాడు. సెంటు లేనివాడికి ఇంటి అద్దె పెరిగింది.

అమెరికా దేశంలో ఇటువంటిదే ఒకటి జరిగింది. 1930లలో అక్కడి ప్రభుత్వ గృహరుణ సంస్థ 200కు పైగా పట్టణాలకు పటాలు గీయించింది. అప్పు ఇవ్వడం ప్రమాదం అనుకున్న పేటలకు ఎర్ర రంగు వేశారు. నల్లజాతివారు నివసించే పేటలు దాదాపు అన్నీ ఆ ఎర్ర రంగులో పడ్డాయి. అప్పు దొరకలేదు గనుక ఇల్లు బాగుచేసుకోలేదు. ఇల్లు బాగుండలేదు గనుక ధర రాలేదు. ధర లేదు గనుక మళ్ళీ అప్పు లేదు. తెల్లవారి పిల్లలకు తండ్రి ఇల్లు ఆస్తిగా వచ్చింది, నల్లవారి పిల్లలకు అద్దె చీటీ వచ్చింది. 1977లో అక్కడ ఒక చట్టం చేశారు. ఒక బ్యాంకు ఏ ప్రాంతం నుండి డిపాజిట్లు తీసుకుంటుందో, ఆ ప్రాంతమంతటికీ, బీదల పేటలతో సహా, అప్పు అందేలా చూడాలని దాని సారాంశం. ఆ చట్టంతో అన్నీ బాగైపోలేదు. కాని అందులో ఉన్న న్యాయం మాత్రం మంచిది: ఎక్కడ నుండి తీసుకుంటావో అక్కడ తిరిగి పెట్టు.

మన దగ్గర ఎవరూ ఎర్ర గీత గీయలేదు. గీయనక్కరలేదు, పేట పేరు చెబితే చాలు. ఇంటిపేరు అడుగుతారు, ఏ వీధి అని అడుగుతారు, హామీ ఎవరు ఉంటారని అడుగుతారు. పేటలో ఇల్లు తాకట్టుకు పనికిరాదంటారు.

డబ్బు తన ఊరికే పని చెయ్యాలన్న సంగతి మన కృష్ణా జిల్లావారికి కొత్తది కాదు. బందరులో 1923లో పట్టాభి సీతారామయ్య గారు ఆంధ్రా బ్యాంకు స్థాపించారు. 2020 ఏప్రిల్‌లో అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయేంతవరకు ఆ పేరుతోనే నడిచింది. మన పొదుపు మనవాళ్ళకు ఉపయోగపడాలన్న తెలివి ఈ నేలలోనే ఉంది. ఆ "మనవాళ్ళు" అన్న మాటలో పేట ఎప్పుడు చేరుతుంది అన్నదే ప్రశ్న.

బ్యాంకు రానిచోటికి ఎవరో ఒకరు వస్తారు. మైక్రో ఫైనాన్స్ సంస్థలు వచ్చాయి. ఇంటి గుమ్మం దగ్గరకే వచ్చి అప్పు ఇచ్చారు. మొదట అందరం సంతోషించాం. కాని ఒక ఇంటికి మూడు అప్పులు, నాలుగు అప్పులు అయ్యాయి. వసూళ్ళకు వచ్చి గుమ్మంలో కూర్చోవడం మొదలైంది. 2006 మార్చిలో మన కృష్ణా జిల్లాలోనే అధికారులు ఆ సంస్థల శాఖలను సుమారు 50 మూయించారు. 2010 అక్టోబరులో రాష్ట్రమంతటికీ ఆర్డినెన్సు వచ్చింది, తరవాత చట్టం అయింది. ఆ సంస్థలు చాలావరకు వెనక్కి తగ్గాయి. కాని అవసరం తగ్గుతుందా? పిల్లకు జ్వరం రాక మానుతుందా? 2015 డిసెంబరులో విజయవాడలో కాల్ మనీ వ్యవహారం బయటపడింది. అప్పు తీర్చలేని స్త్రీలను ఎంత నీచంగా హింసించారో పత్రికలలో చదివి రాష్ట్రమంతా సిగ్గుపడింది. నెహెమ్యా కాలంలో యెరూషలేము తల్లులు తమ కుమార్తెల గురించి ఏడ్చిన ఏడ్పు, 2,400 సంవత్సరాలు దాటాక, బందరు రోడ్డుకు ఆ చివర మళ్ళీ వినబడింది.

ఆ నెలలోనే మేము గోడకు సున్నం వేస్తున్నాం. ఆ వార్త మీద నేను ఒక ఆదివారం ఘాటుగా ప్రసంగించాను కూడా. ఆ సహోదరి పేరు మాత్రం నాకు జ్ఞాపకం రాలేదు.

తొమ్మిదేళ్ళు గడిచాయి. 2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు పొంగింది. విజయవాడలో సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ నీట మునిగాయి. ఎక్కువగా మునిగినవి కష్టజీవుల ఇళ్ళే. మా సంఘ యౌవనులం బియ్యం, మంచినీళ్ళు, దుప్పట్లు తీసుకుని వెళ్ళాం. నీళ్ళు తీస్తున్న ఒక వీధిలో, బురద పట్టిన మంచాలు బయట వేసి ఆరబెడుతున్న ఒకామె నన్ను చూసి, "కంకిపాడు అయ్యగారు కదూ" అంది. నేను గుర్తుపట్టలేదు. ఆమె చెప్పాక గుర్తుకు వచ్చింది.

నేను బియ్యం సంచి ఇవ్వబోయాను. తీసుకుంది. తీసుకుని, కోపం లేకుండా, చాలా నెమ్మదిగా ఒక మాట అంది. "అయ్యగారూ, ఆ రోజు మీరు మంచి ప్రార్థన చేశారు. కాని అప్పు ఎంత అని అడగలేదు."

ప్రియ శ్రోతలారా, ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఈ రోజుకీ లేదు. అప్పటికి ఆమెకు మిగిలిన అప్పు 40,000 రూపాయలట. ఆ వేసవిలో మా గోడకు మేము 4 లక్షలు పోగు చేశాం. అడిగి ఉంటే, ఆ పదో వంతుతో ఒక కుటుంబం ఊళ్ళో నిలిచేది. నేను అడగలేదు. ఎందుకంటే అడిగితే ఏదో ఒకటి చెయ్యవలసి వస్తుంది.

ఆ రాత్రి ఇంటికి వచ్చి నెహెమ్యా ఐదవ అధ్యాయము మళ్ళీ తెరిచాను. ఇన్నేళ్ళూ నేను చూడని నాలుగు సంగతులు అందులో కనబడ్డాయి.

మొదటిది. నెహెమ్యా కేక విన్నాడు, కోపగించాడు, వెంటనే తనలో తాను ఆలోచించుకున్నాడు. గోడ ఎంత ముఖ్యమైన పని! శత్రువులు తలుపు దగ్గర ఉన్నారు. అయినా, గోడ పూర్తయ్యాక మీ సంగతి చూస్తానని అనలేదు. మహాసభ కూర్చాడు. మనమైతే భవన నిర్మాణం పూర్తయ్యాక బీదల నిధి అంటాం. ఆ భవనం ఎన్నడూ పూర్తి కాదు.

రెండవది. నెహెమ్యా ప్రధానులను, అధికారులను గద్దించాడు, నిజమే. కాని పదవ వచనంలో తన పేరు కూడా చేర్చుకున్నాడు. నేనూ, నా బంధువులూ, నా పనివారూ అప్పిచ్చినవారమే, ఈ వడ్డీ విడిచిపెడదాం రండి అన్నాడు. ఎదుటివాడి మీద వేలు చూపిన చేతిని తన వైపుకు తిప్పుకున్నాడు. నేను 2015లో కాల్ మనీ మీద చేసిన ప్రసంగంలో ఆ పదవ వచనం లేదు.

మూడవది. పదకొండవ వచనంలో నూరవ భాగము అనే మాట ఉంది. నెలకు నూటికి ఒకటి అని చాలామంది పండితులు దానికి అర్థం చెబుతారు. ఆలోచించండి! మన ఊళ్ళో నూటికి రూపాయి వడ్డీ అంటే ధర్మవడ్డీ అంటాం. రెండు రూపాయలు మామూలు అంటాం. నెహెమ్యా ఆ ఒక్క రూపాయిని కూడా తిరిగి ఇచ్చెయ్యమన్నాడు. వడ్డీతో పాటు పొలము, తోట, ఇల్లు తిరిగి ఇవ్వమన్నాడు. వడ్డీ మానేస్తే మనిషి ఊపిరి పీల్చుకుంటాడు, అంతే. పొలం చేతికి వస్తేనే వాడు నిలబడతాడు. భిక్ష వేరు, పెట్టుబడి వేరు. భిక్షతో ఈ పూట గడుస్తుంది. బండి, మిషను, పనిముట్టు, స్థలం, చదువు వాడి చేతికి వస్తే వాడి పిల్లలు మనతో సమానంగా కూర్చుంటారు.

నాలుగవది. పదహారవ వచనము. తాము ఆ పన్నెండు సంవత్సరాలలో భూమి సంపాదించుకోలేదని నెహెమ్యా చెబుతున్నాడు. గోడ పూర్తయితే పట్టణంలో స్థలాల ధర పెరుగుతుందని అధిపతికి తెలియదా? తెలుసు. కొనలేదు. రాజధాని ప్రాంతంలో ఉన్న మనకు ఈ వచనం మీద వేరే వ్యాఖ్యానం అక్కరలేదు.

మన సంఘాల పుట్టుక కూడా జ్ఞాపకం చేసుకోండి. 1843లో బందరులో నోబుల్ దొర బడి పెట్టాడు. అది అగ్రకులాల పిల్లలను ఉద్దేశించిన బడి. పైవారు నమ్మితే కిందివారికి సువార్త దానంతట అదే చేరుతుందని ఆనాటి ఆలోచన. 1859 ప్రాంతంలో రాఘవాపురం నుండి పగోలు వెంకయ్య అనే మాల సహోదరుడు దేవుని వెదుకుతూ బెజవాడ వచ్చి డార్లింగ్ దొరను కలిశాడు. ఆ తరవాత సువార్త పేటలలో అగ్గిలా పాకింది. పేటలో బడి వచ్చింది, హాస్టలు వచ్చింది, నర్సు ట్రైనింగు వచ్చింది. అదే మన పెట్టుబడి. మన తాత అక్షరం నేర్చుకోవడానికి ఎవరో దూరదేశపు సంఘంలో కానుకలు పట్టారు. ఈనాడు నేను రేడియోలో మాట్లాడుతున్నానంటే ఆ అక్షరం వడ్డీ లేకుండా నాకు వచ్చింది గనుకనే. అది నేను ఎవరికి తిరిగి ఇచ్చాను?

ఇక మా సంఘంలో ఏమి జరిగిందో చెప్పి ముగిస్తాను. గంటగోపురం నిధిలో 3 లక్షలు ఉన్నాయి. 2024 అక్టోబరులో కమిటీ ముందు అంతా ఒప్పుకున్నాను. ఆ నిధిలో సగం సంఘంలోని చిన్న పనివారికి వడ్డీ లేని అప్పుగా ఇద్దామని అడిగాను. పెద్ద వాదన జరిగింది. "దేవుని డబ్బు అప్పులకు తిప్పుతామా? ఎగ్గొడితే ఎవరిది పూచీ?" అని ఒక పెద్దాయన అడిగారు. అది న్యాయమైన ప్రశ్నే. మూడు వారాలు ప్రార్థన చేసి, మాట్లాడుకుని, ఒప్పుకున్నారు. ఆ పెద్దాయనే ఇప్పుడు లెక్క చూస్తున్నారు.

12 మందికి ఇచ్చాం. 5,000 నుండి 20,000 వరకు. కుట్టుమిషను, ఇస్త్రీ బండి, టిఫిను బండి, పంక్చరు షాపు, ఇటువంటివి. వారం వారం కడతారు. ఎవరు కట్టారో ఎవరు కట్టలేదో గుడిలో చదవం. ఒకరు డబ్బు తీసుకుని ఊరు విడిచిపోయారు. ఇంకొకరికి జబ్బు చేస్తే వాయిదా ఇచ్చాం. మిగతా పదిమందీ కడుతున్నారు, ఆలస్యంగానైనా. ఒకరు ఎగ్గొట్టారు కదా అని కొందరు నన్ను అడిగారు. గోడకు తెచ్చిన ఇటుకల్లో ఎన్ని పగిలాయో మనం లెక్క పెట్టామా అని అడిగాను.

ఇది చాలా చిన్న పని, దీనితో బీదరికం పోదని నాకు తెలుసు. అందుకే రెండో పని కూడా చేస్తున్నాం. మా యౌవనులు ఇద్దరు నెలకు రెండుసార్లు మనుషులను వెంటబెట్టుకుని బ్యాంకుకు వెళుతున్నారు. వీధి వ్యాపారులకు 2020 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం స్వనిధి అప్పులు మొదలుపెట్టింది. అప్పట్లో మొదటి విడత 10,000. 2025 ఆగస్టులో దాన్ని 15,000 చేసి, పథకాన్ని 2030 మార్చి దాకా పొడిగించారు. సక్రమంగా కడితే పెద్ద విడతలు వస్తాయి, వడ్డీలో కొంత ప్రభుత్వం భరిస్తుంది. పథకం ఉంది, బ్యాంకు ఉంది, మనిషి ఉన్నాడు. మధ్యలో ఒక ఫారం ఉంది, ఒక భయం ఉంది. చదువుకున్న మన పిల్లలు పక్కన కూర్చుని ఆ ఫారం నింపితే ఆ భయం సగం పోతుంది. ఇది కూడా ఆరాధనే ప్రియులారా.

ఆ సహోదరికి కూడా 15,000 పంపించాం. కొత్త బండి కొనుక్కుంది. నెల నెలా కడుతోంది. మా గుడికి తిరిగి రాలేదు, అక్కడే ఒక సంఘంలో చేరింది. రమ్మని అడిగే హక్కు నాకు లేదు.

ఇప్పుడు మూడు విధాలైన శ్రోతలతో మాట్లాడి సెలవు తీసుకుంటాను.

అప్పులో ఉన్న నా సహోదరీ, సహోదరుడా! సిగ్గుపడవద్దు. యెరూషలేము తల్లులు సిగ్గుపడలేదు, బయటకు వచ్చి కేక వేశారు. వారి కేక వలననే పరిశుద్ధ గ్రంథంలో ఒక అధ్యాయం వచ్చింది. నీ మీద వచ్చే బెదిరింపులకు భయపడి ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన ఎన్నడూ రానివ్వకు. నీ అప్పు ఎంతో ఒక కాగితం మీద రాసి, నమ్మకమైన ఒకరికి చెప్పు.

సంఘ పెద్దలారా, నా తోటి కాపరులారా! ఈ ఆదివారం ఎవరైనా అప్పుల బాధకు ప్రార్థన అడిగితే, ముందు ఎంత అని అడగండి. తరవాత ప్రార్థన చెయ్యండి. మన కానుకలు ఏ పేట నుండి వస్తున్నాయో, మన ఖర్చు ఏ పేటలో పెడుతున్నామో పక్కపక్కన రాసి చూడండి. ఆ రెండు వరుసలు చూస్తే మన సంఘం ఎటు నడుస్తుందో తెలుస్తుంది.

వడ్డీకి ఇచ్చుకునే విశ్వాసులారా! మీరు ఉన్నారు. మా సంఘంలోనూ ఉన్నారు. మీ మీద నాకు కోపం లేదు. జక్కయ్య ఇంటికి ప్రభువు తానుగా వెళ్ళాడు. జక్కయ్య చేసినది ఏమిటి? పాట పాడలేదు, సాక్ష్యం చెప్పలేదు. లెక్క పుస్తకం తెరిచాడు. ఈ రాత్రి మీ బీరువాలో ఉన్న నోట్లలో ఒక్కటి తియ్యండి. అసలు ఎప్పుడో వచ్చేసిందని మీకే తెలిసినది ఒకటి ఉంటుంది. దాన్ని రేపు పొద్దున ఆ ఇంటికి వెళ్ళి చేతికి ఇచ్చి రండి. ఆ ఇంట్లో వినబడే ఏడుపు, ఆ సంతోషపు ఏడుపు, మీరు ఏ సభలోనూ విని ఉండరు.

ప్రార్థన చేసుకుందాం.

పరలోకమందున్న మా తండ్రీ, కేక వేసినవారి కేక నీవు విన్నావు. మేము వినలేదు, మమ్మును క్షమించు. మా గోడలు మా చెవులను మూయకుండా కాపాడు. ఈ సమయంలో అప్పుల భారంతో ఇది వింటున్న ప్రతి ఇంటికి ధైర్యము దయచేయుము, వారి తలుపు దగ్గరకు ఒక సహోదరుని పంపించుము. నీవు మా చేతికి ఇచ్చిన దానిని ఎక్కడ పెట్టాలో మాకు నేర్పుము. మా పేటలలో, మా పట్టణములలో నీ న్యాయము కాలువలా పారనిమ్ము, పల్లంలో ఉన్నవారికి అది మొదట చేరనిమ్ము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.